ఆడినెల గాలి

మస్తాన్ వలి పైపు మరలకు గ్రీజు రాస్తున్నాడు. ముందు బనీను గుడ్డతో మరలు తుడిచాడు. తరువాత వేలితో గ్రీజు తీసి చివరి నుంచి లోపలికి పూశాడు. బోరు మోటార్లు దించడం, ఎత్తడం అతని పని. పెళ్ళికి ముందు నుంచీ అదే పని. యాదమరి, గుడిపాల వైపు ఏ తోటలో నీళ్ళు ఎంత లోతుకు పోయాయో చెప్పగలడు. ఆ తోటలు ఎవరివో మాత్రం ఒక్కోసారి మరిచిపోతాడు. ఎడమచేతి చిటికెన వేలు పైపుకూ క్లాంపుకూ మధ్య పోయింది. ఇన్నేళ్ళలో అతను బిగించిన ప్రతి పైపూ భూమిలోకి దిగింది. ఈ రోజు బిగిస్తున్నది పైకి లేవాలి.

ఇల్లు గుట్ట మీద ఉంది. రాళ్ళు కొట్టుకుని తానే కట్టాడు. కరెంటు స్తంభాలు కింద మామిడితోట దగ్గర ఆగిపోయాయి. కప్పు మీద ఒక సోలార్ పలక ఉంది. ఎండ కాసే నెలల్లో దానితో దీపాలు వెలుగుతాయి. జూలై నడుమ ఆడినెల వస్తే మబ్బు కమ్ముతుంది, పలక పనిచేయదు. ఆ నెలలోనే పడమటి గాలి దుమ్ము లేపుతుంది, అతని భార్య షహర్‌బానుకు ఆయాసం ఎక్కువవుతుంది. మందును ఆవిరిగా పీల్పించే మిషనుకు కరెంటు కావాలి. పోయిన ఆడిలో ఒక సాయంత్రం ఆమెను మంచంతో సహా రోడ్డు దాకా మోసుకుపోయారు. అప్పటి నుంచి చిత్తూరు సంతపేటలో చెల్లెలు ఫిర్దోస్ ఇంట్లో ఉంటోంది.

వలి ఆమెకు మాట ఇచ్చాడు. ఈ ఆడికి గాలిచక్రంతో కరెంటు తీసి గుట్ట మీద మిషను నడిపిస్తాడు. నడవకపోతే ఇల్లు వదిలి తానే సంతపేటకు వస్తాడు. సాయంత్రం ఆమె చూడడానికి వస్తోంది.

“గాలితోనే గదప్పా వదినకు ఆయాసం,” అన్నాడు మునస్వామి. వలితో పాటు మోటార్లు ఎత్తుతూ ముసలివాడైనవాడు. “మళ్ళా ఆ గాలితోనే మందు పెడతావా?”

“అది సెరిపింది అదే బాగుసేయనీలే.”

“నీళ్ళు పడని బోర్లు మనం సూసినన్ని ఎవురూ సూసుండరు. గాలి పడని చక్రం గూడా సూసేస్తే సరిపోతాది.”

“నోరు మూసుకోని స్పానరియ్యి, సామీ.”

బ్యాటరీ, ఇన్వర్టరు ముందురోజే ఎలక్ట్రీషియన్ వచ్చి ఇంట్లో బిగించి పోయాడు. మిగిలింది పైపు నిలబెట్టడం. పైపు అడుగు బండలో దించిన బోల్టుకు తగిలించారు. నేల మీద పడుకున్న పైపు కొసకు గాలిచక్రం బిగించారు. మూడు రెక్కలు, వెనక తోక. రెండు పక్కలా తీగలు ముందే కట్టారు. ముందువైపు తాడును బోర్ల దగ్గర వాడే ముక్కాలి స్టాండు మీదుగా చైన్‌పుల్లీకి తగిలించి మునస్వామి లాగుతాడు. పైపు ముందుకు పడిపోకుండా వెనక తాడు ఎల్లప్ప పట్టుకుంటాడు. అతనూ మోటార్ల పనివాడే. మాట చెప్పేది వలి.

మునస్వామి గొలుసు లాగాడు. పైపు కొస మోకాలి ఎత్తుకు లేచింది, తరువాత మనిషి ఎత్తుకు, తరువాత ఇంటి కప్పు ఎత్తుకు. వలి పైపు పక్కన నిలబడి తల పైకెత్తి చూశాడు. పైపు నిటారుగా నిలిచింది.

బోరు దగ్గర పైపు నిటారుగా నిలిస్తే ఆ తరువాతి మాట ఒకటే. ఆ మాటకే పైపు లోపలికి దిగుతుంది.

“ఇడ్సు,” అన్నాడు వలి.

ఎల్లప్ప ఆ మాటకు ఎప్పుడూ ఆలస్యం చేయలేదు. తాడు వదిలాడు.

పైపు ముందుకు, ఇంటి వైపు వంగింది. వలి దాన్ని రెండు చేతులతో కౌగిలించుకున్నాడు, అది ఆగలేదు. మునస్వామి గొలుసు వదిలి వచ్చి, జారిపోతున్న తాడు అందుకుని బండ చుట్టూ మెలివేశాడు. తాడు అతని అరచేతుల తోలు లేపింది. పైపు ఆగింది. ఎల్లప్ప పరుగెత్తి తాడు కొస పట్టుకున్నాడు. ముగ్గురూ కలిసి పైపును వెనక్కి లాగి నిలబెట్టి, తీగలు బిగించారు.

“నువ్వంటివి గదన్నా, ఇడ్సమని,” అన్నాడు ఎల్లప్ప.

“అన్నాను.” వలి బండ మీద కూర్చున్నాడు. “నా నోరే అనేసినాది.”

మునస్వామి చేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ నవ్వడం మొదలుపెట్టాడు. “ఇంగొంచెం ఉంటే దీన్ని గూడా నీ ఇంట్లోనే దించుండువు గదప్పా.”

మధ్యాహ్నం గాలి లేదు. రెక్కలు కదల్లేదు. వలి సంగటి ముద్ద సగంలో వదిలేసి బయటికి వచ్చి చూశాడు, లోపలికి పోయాడు, మళ్ళీ వచ్చాడు.

ఆటో గుట్ట కింద ఆగేటప్పటికి పడమట మబ్బు పట్టింది. ఫిర్దోస్ అక్క చెయ్యి పట్టుకుని ఎక్కిస్తోంది. కింద మామిడితోటలో ముందు దుమ్ము లేచింది. తరువాత గాలి గుట్ట ఎక్కింది. షహర్‌బాను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది, నిలబడిపోయింది.

“సెప్పినాను గదా ఆపా,” అంది ఫిర్దోస్. “ఈడికి మేకలు గూడా ఎక్కవు. పా, వెనక్కి పోదాం.”

షహర్‌బాను పైకి చూస్తోంది. తోక తిరిగి గాలికి ఎదురు నిలిచింది. రెక్కలు ఒక చుట్టు తిరిగాయి, ఆగాయి, మళ్ళీ తిరిగాయి. ఆ తరువాత రెక్కలు కనిపించలేదు, చక్రమే కనిపించింది. ఇంట్లోంచి ఎల్లప్ప కేక వేశాడు: “అన్నా, ఇన్వర్టరులో పచ్చలైటు వచ్చినాది.”

ఆమె ఎదురు దిగి వచ్చిన వలి భుజం పట్టుకుని మిగిలిన దారి ఎక్కింది. గడప దాటేసరికి మాట రావడం లేదు. వలి మిషనులో మందు పోసి ముక్కుకు గొట్టం పెట్టాడు. వేలు స్విచ్చి మీద పెట్టి ఒక క్షణం ఆగాడు. నొక్కాడు.

మిషను మోగింది. ఆవిరి వచ్చింది. బయట గాలి తలుపును గోడకు కొడుతోంది. లోపల షహర్‌బాను ఊపిరి పీలుస్తోంది. మందు అయిపోయేదాకా పీల్చి, గొట్టం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“అజీ, రోజూ నడుస్తాదా ఇది?”

“ఆడిలో నడుస్తాది. తక్కిన నెలల్లో ఎండ ఉండాది.”

ఆమె చెల్లెలి వైపు తిరిగింది.

“ఫిర్దోస్, నా పెట్టె ఆటోలో ఉండాది. తెప్పించు.”

పెట్టె మునస్వామి తెచ్చాడు. చేతులు మండుతున్నా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. గడప దాటుతూ “ఇడ్సమంటావా వలీ?” అని అడిగాడు. ఆ ఇంట్లో అందరూ నవ్వారు. షహర్‌బాను దగ్గు రాకుండా నవ్వింది.

వలి ఆ తరువాత రెండేళ్ళు బతికాడు. గుడిపాల దగ్గర మోటారు దించి వచ్చి, మధ్యాహ్నం నమాజు చేసుకుని మంచం మీద ఒరిగాడు, లేవలేదు. అది ఆడినెల. జనం గుట్ట ఎక్కి వచ్చారు, దుమ్ము లేచింది, షహర్‌బానుకు ఊపిరి పట్టేసింది. ఫిర్దోస్ ఆమెను లోపలికి తీసుకుపోయి స్విచ్చి నొక్కింది. మిషను నడిచింది. వలి జనాజాను మోసుకుని జనం గుట్ట దిగేటప్పుడు ఆమె గుమ్మంలో తన కాళ్ళ మీద నిలబడి చూసింది.

సంతపేటకు రమ్మని ఫిర్దోస్ మళ్ళీ అడగలేదు.

గాలిచక్రం ఎత్తిన మర్నాడు మిగిలిన పైపు ముక్కను వలి గుమ్మం పక్కన పాతి, పైన చెక్క బిగించుకున్నాడు. సాయంత్రాలు దాని మీద కూర్చుని లోపలి మిషను మోత వినేవాడు. ఆ చెక్క ఇప్పటికీ అక్కడే ఉంది. దాని అంచున, అతను ఎడమచెయ్యి ఆనించుకునే చోట, నాలుగు వేళ్ళ గ్రీజు మరక.