కుడివైపు ఎత్తు

తన బల్లమీద ఎవరో టీగ్లాసు పెట్టి తీసిన మరక కనబడగానే ఆయన మొహం ముడుచుకుపోయింది. జేబులోంచి గుడ్డ తీసి మరక తుడిచాడు. గుడ్డను వాసన చూసి దాన్నీ అసహ్యించుకుని పక్కన పడేశాడు. ఆ తర్వాతే కత్తి అందుకున్నాడు.

వాయిద్యాలు తయారుచేసే ఆ కార్ఖానాలో ఆయన పని ఒక్కటే, తీగల కింద నిలబడే బ్రిడ్జి చెక్కడం. వేలెడు చెక్కముక్క, రెండు పాదాలు, పైన వంపు. వాయిద్యాన్ని నిలబెట్టి ఎదురుగా చూస్తే లావుతీగ ఎడమపక్క ఉంటుంది కనుక బ్రిడ్జి ఆ పక్క కాస్త ఎత్తు. పెళ్ళికి ముందు నుంచీ అదే ఎత్తు, అదే వంపు, అదే స్టూలు. అందరికీ ఆయన బ్రిడ్జి బాబాయ్. వయొలిన్లకి చెక్కినన్నాళ్ళూ లోకమంటే ఆయనకున్న అసహ్యం ఒక మోస్తరుగానే ఉండేది. పెద్ద ఓనరు పోయి కొడుకు పెత్తనం మొదలయ్యాక అది పూర్తిగా వికసించింది.

కొడుకు ఓనరు బుల్లి గిటారులాంటి యుకులేలేకీ వయొలిన్‌కీ పొత్తు కుదిర్చాడు. యుకులేలే బొద్దుపొట్టని నడుం దగ్గర రెండు పక్కలా కోసి, నైలాన్ తీగలు పీకి ఇనపతీగలు కట్టి, వయొలిన్ బ్రిడ్జి నిలబెట్టి, వాయించేవాళ్ళ చేతికో కమాను ఇస్తారు. వేలు ఎక్కడ పెట్టాలో మెట్లే చెబుతాయి కనుక రానివాళ్ళకీ వచ్చేస్తుంది. వచ్చేది సంగీతమని ఆయన ఒప్పుకోలేదు. తలుపుసందులో పిల్లి ఇరుక్కుంటే అలాగే అరుస్తుందనేవాడు. దాన్ని ముట్టుకున్న ప్రతిసారీ వెళ్ళి చేతులు కడుక్కునేవాడు.

"మీ పుణ్యమా అని సబ్బుల కొట్టు బాగుపడుతోంది బాబాయ్," అనేవాడు ఓనరు.

"ఆ సబ్బేదో దానికే రుద్దు. కాస్త గొంతన్నా తేరుతుంది."

అలాంటి పీడని, పాలిష్ సరిగ్గా కుదరలేదని, ఓనరు బాబాయ్ ఇంటావిడకే ఇచ్చేశాడు. ఆ రోజు పొద్దునే వంటింట్లో ఆవిడ కమాను పట్టుకుని నిలబడి ఉంది.

"సాయంత్రం కాలనీ హాల్లో అందరి ముందూ నేనొక్కదాన్నే వాయించాలండీ. ఇంతవరకూ నలుగురి ముందు నోరెత్తి ఎరగను. లావుతీగ మీద కమాను పెడితే చాలు, బరబరమంటోంది. ఒక్కసారి చూద్దురూ!"

"చూడక్కర్లేదు. వినబడుతూనే ఉంది. లోపం చెయ్యిలో ఉంది."

"ముట్టుకుంటే కరుస్తుందా?"

"ఏమో, ఎవరి నోట్లో ఏముందో!"

"నన్ను ముట్టుకునే ఇన్నేళ్ళు బతికారుగా. అదేం చేస్తుందిలెండి."

ఆయన క్యారియర్ పట్టుకుని చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. "నా చేతివాటానికి తీగలు అటువి ఇటు మార్చుకున్నాను, అందుకేనేమో..." అని వెనకనుంచి ఆవిడ ఏదో అంటూనే ఉంది. సగమే విన్నాడు.

మధ్యాహ్నం క్యారియర్‌కి చుట్టిన గుడ్డ విప్పబోయాడు. లాగాల్సిన కొస, రోజూలాగే, అవతలివైపు ఉంది. తిన్నగా ముడెయ్యడం ఈ జన్మకి రాదు ఈ మనిషికి, అని రోజూలాగే విసుక్కుని, కొస పట్టుకున్న చెయ్యి అక్కడే ఆపేశాడు.

ఎడంచెయ్యి. గరిటె ఎడంచేత్తోనే తిప్పుతుంది. సూదిలో దారం ఎడంచేత్తోనే ఎక్కిస్తుంది. కమానూ ఎడంచేత్తోనే పడుతుంది కదా! తీగలు మార్చి కట్టుకుంటే లావుతీగ వచ్చి పల్లంవైపు కూచుంటుంది, మెట్లకి తగిలి బరబరమంటుంది. లోపం చెయ్యిలో లేదు.

"ఛీ," అన్నాడు. ఎవర్నన్నదీ ఆయనకే తేలలేదు.

అన్నం పక్కన పెట్టి కొత్త చెక్క తీశాడు. కుడివైపు ఎత్తు పెట్టి చెక్కడానికి చెయ్యి ఎదురు తిరిగింది. చొక్కా ఎడమచేతినుంచి తొడుక్కున్నంత ఒళ్ళు జలదరించింది. చచ్చిన ఎలుక తోక పట్టుకున్నట్టు ఆ ముక్కని రెండు వేళ్ళతో పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని, మళ్ళీ తిరిగి చూసి, వంపు సరిచేశాడు. చెమటలు పట్టాయి. ఛాతీలో ఏదో బిగిసింది. పొట్టు ఊది, బ్రిడ్జిని బల్లమీద నిలబెట్టి, ఎంత వికారంగా ఉందో కళ్ళారా చూసుకుని, గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

సాయంత్రం ఓనరు టీ తెచ్చాడు. ఆటపట్టిద్దామని, తొణికే గ్లాసుని సరిగ్గా బల్ల మధ్యన పెట్టాడు. టీ కారింది. బాబాయ్ కళ్ళు తెరవలేదు. ఓనరుకి అప్పుడు భయం వేసింది.

హాల్లో ఆవిడ వాయించనే లేదు.

కొన్నాళ్ళకి ఆయన సామాను తీసుకెళ్ళడానికి వచ్చింది. కళ్ళజోడు, కత్తి, క్యారియర్, గుడ్డ. ఓనరు కాస్త తటపటాయించి అరచెయ్యి చాపాడు.

"చివరగా చెక్కింది ఇదే పిన్నీ. పాపం, ఎన్నడూ లేనిది తప్పు చెక్కాడు. ఎత్తు అటుది ఇటయింది. ఒంట్లో బాగోలేక... ఎవరికీ పనికిరాదు, పారేద్దామనుకున్నా."

ఆవిడ వంగి ఎత్తు ఏ పక్కనుందో చూసింది.

"ఆయన తప్పు చెక్కే మనిషేనా బాబూ?" అంటూ ఎడమచెయ్యి చాచింది. గుడ్డలో చుట్టి, తనకొచ్చిన ముడే వేసుకుంది.

ఇప్పుడా వాయిద్యం వంటింటి గోడకి వేలాడుతోంది. లావుతీగ బరబరమనడం మానేసింది. దాని కింద కుడివైపు ఎత్తుగా నిలబడ్డ తెల్లచెక్క మీద, పాదం పక్కన, చెమటకి అంటిన రెండు వేళ్ళ మరక ఉంది. ఆయన చూసుంటే వెంటనే తుడిచేసేవాడు.