ఎనిమిదేళ్ల గుంత

"మేడ్చల్ కబురు" వారపత్రికలో పేజీలు పెట్టే లతకు ఊళ్లో పెద్దమనుషులెవరి మీదా గౌరవం లేదు. ఎలా ఉంటుంది? రిబ్బను కత్తిరించిన ప్రతివాడూ ఆమె కంప్యూటర్‌లోంచే ఊళ్లోకి వెళ్తాడు. ఎవరి పొట్టను ఎంత తగ్గించి అచ్చుకు పంపిందో ఆమెకు తెలుసు. అందరిలోకీ ఎక్కువ అసహ్యం మాజీ సర్పంచ్ దేవేందర్ అంటే. ఆ తర్వాత, ఆయన చెప్పిందల్లా రాసుకునే ఎడిటర్ పట్టాభిరామయ్య.

ఒక సోమవారం సుక్కమ్మ ఆఫీసుకొచ్చింది. తూంకుంట దగ్గర దేవేందర్ వేసిన లేఅవుట్లో, పార్కు మొక్కలకు నీళ్లు పోసే మనిషి. ఎనిమిదేళ్లలో ఆయన నాటానన్న నాలుగు వేల మొక్కలు ఏమయ్యాయని అక్కడి ఇళ్లవాళ్లు అడిగారట. నీళ్లు పోయక ఎండబెట్టిందని దేవేందర్ ఆమె మీదికి తోశాడు. ఆదివారం మీటింగులో ఆమెను పనిలోంచి తీసేస్తారు. సాక్ష్యం "కబురు" వార్తలే.

"నాలుగు వేలు ఏడియి సారూ? ఏడాదికి ఒక్కటి నాటి, ఫొటో దిగి, కారెక్కిండు. మీరే అయిదు నూర్లని రాస్తిరి. గది తప్పని రాయుండ్రి. నా పని పోతాంది."

పట్టాభిరామయ్య తల కూడా ఎత్తలేదు. "అచ్చయింది అచ్చయినట్టే అవ్వా. ఇగ మార్చరాదు."

ఈయన ఆ పార్కు ముఖం ఎన్నడూ చూడలేదు. ఫోన్లో అంకె చెబితే రాశాడు. ఆ అంకెను ఎనిమిదిసార్లు టైపు చేసింది మాత్రం తనే. ఆ సంగతి గుర్తొచ్చి లతకు తన మీదే ఒళ్లు మండింది.

సుక్కమ్మను పక్కన కూర్చోబెట్టుకుని పాత ఫొటోలు తెరిచింది. అచ్చుకు పంపేటప్పుడు ముఖం పెద్దగా కనపడాలని చుట్టూ కోసేసేది. ఇప్పుడు కొయ్యని ఫొటోలు చూసింది. వెనక అదే బోరు గది. అదే పగిలిన మెట్టు. అదే గుంత. చొక్కా మారింది, పొట్ట పెరిగింది, మొక్క మాత్రం ఏటా జానెడే.

"కారు గా గుంత దాంకనే పోతది బిడ్డా, ఆడ్నే దిగుతడు" అంది సుక్కమ్మ.

శనివారం దేవేందర్ పుట్టినరోజు. "అన్న మొక్కల ఫొటోలతోని ఫుల్ పేజీ పెట్టు" అన్నాడు ఎడిటర్.

"పెడ్త సార్. ఎనిమిదీ పెడ్త" అంది లత.

పెట్టింది. ఏదీ కొయ్యకుండా, కింద సంవత్సరాలు వేసి, వరసగా. ఎడిటర్ మురిసిపోయాడు. దేవేందర్ మరీ మురిసిపోయి కట్టలు కట్టలుగా తీసుకెళ్లాడు. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. ఆదివారం మీటింగులో తన చేత్తోనే అందరికీ పంచాడు.

లత వెనక వరసలో కూర్చుని చూసింది. లేఅవుట్ సంఘం అధ్యక్షురాలు మనోరమ టీచరు. పిల్లల పేపర్లు దిద్దిన కళ్లు ఆమెవి. ఫొటో ఫొటో మీదా వేలు పెట్టుకుంటూ వెళ్లి ఆగింది.

"సుక్కమ్మా, గీ గుంత ఒక్కటేనా?"

దేవేందర్ అప్పుడు చూశాడు, తన ఫొటోల్లో తనను కాకుండా వెనక ఉన్నదాన్ని.

"ఒక్కటే మేడం. ఏటేటా నేనే తవ్విన. నీళ్లు పోయలేదంటుండ్రు గద? పెట్టిన మొక్క పెట్టినట్టు బతికింది. సారు మల్ల వస్తుండు, జాగ ఖాళీ చెయ్యమంటే ఏడు చెట్లు గీ చేతులతోనే పీకిన."

ఆమెను తీసెయ్యాలని రాసి తెచ్చిన కాగితాన్ని మనోరమ నిలువునా చింపింది.