నాలుగు అరల వరస

చేరవేసిన తలుపు వెనక నుంచి చప్పుడు వచ్చింది. టక్, టక్, టక్. కాసేపు మౌనం. మళ్ళీ టక్, టక్, టక్. దాని మీద సన్నగా, ఎడతెగకుండా, ఒక ఈల.

సర్వరుకు స్విచ్చు వేసి అప్పుడే ఇవతలికి వచ్చిన శాంతికుమారి ఆగిపోయింది. అనకాపల్లి మెయిన్ రోడ్డులోని ఆ స్కానింగ్ సెంటరులో ఆమె ఆరేళ్ళుగా టెక్నీషియన్. ఏ యంత్రం ఎలా పలుకుతుందో ఆమెకు తెలుసు. ఈ పలుకు ఎప్పుడూ వినలేదు. కారణం మాత్రం వెంటనే తెలిసింది. తెలిసినా భయం రాలేదు. భయం ఉండవలసిన చోట తడిగుడ్డ పరిచినట్టు చల్లగా, బరువుగా ఉంది.

మొన్న నవమినాడు మధ్యాహ్నం ఆయుధపూజ. పనిచేసే ప్రతి పనిముట్టుకూ బొట్టు పెట్టాలన్నది డాక్టరుగారి ఆనవాయితీ. స్కానింగు యంత్రానికి పెట్టింది, ఫిల్ములు తీసే ప్రింటరుకు పెట్టింది. సర్వరు దగ్గర చేయి ఆగింది. పైన ఉన్నది డబ్బా మాత్రమే. బొమ్మలన్నీ దాచేవి లోపలి నాలుగు డిస్కులు. డబ్బాకు పెడితే పనిముట్టుకు పెట్టినట్టా? కరెంటు ఆపి, నాలుగింటినీ అరల్లోంచి లాగి, పసుపుగుడ్డ మీద వరసగా పేర్చి, ఒక్కోదానికీ కుంకుమ దిద్దింది. తిరిగి పెట్టేటప్పుడు ఒకటి పసుపు చేతిలోంచి జారి బల్ల అంచుకు తగిలింది. ఏది ఏ అరలోదో చూసుకోలేదు. సెలవు కనుక స్విచ్చు వేయకుండానే తలుపు వేసి వెళ్ళిపోయింది.

విశాఖ నుంచి సర్వరు బాగుచేసే ఇంజనీరు త్రినాధరావు వచ్చేసరికి పదకొండయింది. ముందు ఈల నోరు నొక్కాడు. తరువాత ముందువైపు కనిపిస్తున్న ఎర్రచుక్కల్ని చూసి నవ్వాడు.

"బొట్టు బాగానే పెట్టేరు మేడమ్. కొబ్బరినీళ్ళు కూడా పట్టించేరా ఏటి?"

ఆమె నవ్వలేదు. నిజం నాలుక దాకా వచ్చి అక్కడే కూర్చుంది.

"మూడో అరలోది పోయింది. పోతే పోనీండి. మిగిలిన మూడూ కలిసి దాని లెక్క అప్పజెప్పేత్తాయి. మా అన్నదమ్ముల్లాంటివి కావివి, ఒకదాని పని ఒకటి సేత్తాయి," అంటూ సంచిలోంచి కొత్త డిస్కు తీశాడు.

బయట కౌంటరు దగ్గర చిన్నమ్మలు నిలబడింది. రోలుగుంట అవతలి కొండవార నుంచి మొగుడిని తీసుకొచ్చిన ముసలామె. నవమినాడు పొద్దున అతనికి స్కానింగు తీశారు. బొమ్మ స్పష్టంగా పడేందుకు నరంలోకి మందు ఎక్కించగానే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక విలవిల్లాడాడు. ఇతనికి ఈ మందు ఇంకెప్పుడూ ఎక్కించకూడదని డాక్టరుగారు చీటీ మీద ఎర్రసిరాతో రాశారు. ఆ ఒక్కసారి తీసిన బొమ్మలే బొమ్మలు. పండగని ఫిల్ములు ఈరోజుకు వాయిదా వేశారు. రేపు ఉదయం విశాఖలో ఆపరేషను. ఫిల్ము లేకపోతే కత్తి పట్టనన్నాడు అక్కడి సర్జను.

"అమ్మా, మావోడి పొటోలు అయినాయా?"

"ఇంకా లేదమ్మా. కూకో."

"కూకునే ఉన్నాను. కూకుని కూకుని బెంచీకే నొప్పెట్టేసుంటాది," అని ఆమె తిరిగి మొగుడి పక్కకు వెళ్ళింది. అతను గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నాడు.

శాంతికుమారి లోపలికి వచ్చేసరికి కొత్త డిస్కు అరలో ఉంది. తెర మీద ఒకే ప్రశ్న వెలుగుతోంది. అవునా, కాదా.

"ఇది నొక్కితే, ఇప్పుడున్న వరస ప్రకారం అన్నీ మళ్ళీ రాసుకుపోతాది. సాయంత్రానికి రెడీ."

"వరస తప్పితే?"

"తప్పడానికి కాళ్ళున్నాయా వాటికి? తప్పితే మాత్రం ఉన్నదంతా అలికేత్తాది. బెమ్మదేవుడొచ్చినా తియ్యలేడు."

అతని వేలు మీట మీదికి వంగింది.

"ఆగండి సార్." ఆ గొంతు తనదే అని ఆమెకు కొంచెం ఆలస్యంగా తెలిసింది. "పూజకి నాలుగూ బయటికి తీసేను. ఏది ఎక్కడిదో గురుతు లేదు."

వేలు గాలిలో ఆగింది. త్రినాధరావు దానిని జాగ్రత్తగా, ఇంకొకరి వేలిని తీసినట్టు, వెనక్కు తీసుకున్నాడు.

"పొద్దున్నే సెప్పొచ్చు గదా మేడమ్."

"సెప్పొచ్చు."

"డాక్టరుగారికి తెలుసా?"

"తెలీదు."

అతను పాత డిస్కులు మూడింటినీ బయటికి లాగి తన కంప్యూటరుకు తగిలించాడు. "ఇందులో రాయడం ఉండదు, చదవడమే. మూడు డిస్కులు, నాలుగు అరలు, ఇరవై నాలుగు వరసలు పడతాయి. ఒక్కోదానికీ బయట కూకున్న పేషెంటు బొమ్మ ఒకటి తెరుత్తాను, మీరు చూసి సెప్పండి. నాకు వెన్నుపూసకీ వంకాయకీ తేడా తెలీదు."

మొదటి బొమ్మ అడ్డపట్టీలుగా చీలి వచ్చింది. పక్కటెముక ఒకచోట, దాని కొస ఇంకొకచోట. రెండోదీ అంతే, మూడోదీ అంతే. మనిషిని ముక్కలుగా కోసి ఎవరో తప్పుగా పేర్చినట్టు. ఆమె ప్రతిసారీ ఒకే గొంతుతో "కాదు" అంది. పదకొండోది తెరిచినప్పుడు త్రినాధరావు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"ఇదేనండి. శుభ్రంగా ఉంది."

"కాదు. ఇక్కడ రెండు పట్టీలు తారుమారయినాయి. వెన్నుపూస తెగింది చూడండి."

పదిహేడోది నిండుగా వచ్చింది. వెన్నుపూస గుండ్రంగా ఉంది. రెండు మూత్రపిండాలు. ఎడమదాని అంచున గడ్డ, ఉన్నచోటనే ఉంది. తరువాతి బొమ్మ, ఆ తరువాతిది, నలభై దాకా వరసగా చూసింది. ఎక్కడా తెగలేదు. సంతోషం కోసం ఆమె లోపల వెదికింది. తడిగుడ్డ అలాగే ఉంది.

"ఇదే," అంది.

ప్రింటరులోంచి ఫిల్ములు వెచ్చగా జారుతుండగా డాక్టరుగారికి ఫోను చేసి, పూజ దగ్గర నుంచి చెప్పింది. "ముందు వాళ్ళని పంపించు. నీ సంగతి రేపు మాట్లాడదాం," అని ఫోను పెట్టేశారు.

ఫిల్ములను కవరులో పెట్టుకుని ఆమె హాల్లోకి వచ్చింది. మూడు దాటింది. పొద్దుటి నుంచి ఆ హాల్లో ఎవరినీ ఎవరూ పిలవలేదు. చిన్నమ్మలు బెంచీ మీద అలాగే ఉంది. ఇక అడగడం కూడా మానేసి నేలకేసి చూస్తోంది. శాంతికుమారి కవరు మీద తన చేత్తోనే రాసిన ముసలాయన పేరును చూసింది. హాలంతటికీ వినబడేలా పిలిచింది.

"కొండన్న."