గాలి ఎత్తుకుపోయిన కిరీటం

పైలిన్ తుపాను వెళ్లిన మర్నాడు అసిరితల్లి వెండికిరీటం కనిపించలేదు. గుడి తాళంచెవి ధర్మకర్త కూర్మారావు మొలతాడుకే వేలాడేది. "గాలి ఎత్తుకుపోనాది" అన్నాడాయన. తలుపు విరగలేదు, గంట ఊడలేదు, అమ్మవారి నెత్తిమీది కిరీటం ఒక్కటే ఎగిరిపోయింది! పోలీసులు వచ్చి, ఆయన కొట్టించిన కొబ్బరిబొండాలు తాగి, నేరం గాలిదేనని తేల్చి వెళ్లారు. గాలికి బేడీలు వెయ్యడం ఎవరి తరం?

ఐదేళ్లకు తిత్లీ తుపాను వచ్చి ఉద్దానం కొబ్బరిచెట్లను కూకటివేళ్లతో పెకలించింది. పరిహారం రాసే ఆఫీసరు ఊళ్లో దిగాడనగానే కూర్మారావు ఒళ్లు మరిచిపోయాడు. పక్కవాడి చెట్లు ముందు రాసేస్తారేమోనన్న బెంగతో ఆఫీసరును రెక్క పట్టుకుని తన తోటలోకి లాక్కెళ్లాడు. ఊరంతా వెనకే నడిచింది.

"ఇదిగో సారూ, మా తాతనాటి సెట్టు! ఏ గాలికీ పడదనుకున్నాను" అంటూ అన్నిటికన్నా పెద్దచెట్టు చూపించాడు. లేచిపోయిన వేళ్ల కింద గోతిలో, చిరిగిన ఎరువుల సంచిలోంచి కిరీటం తొంగిచూస్తోంది.

కూర్మారావు చటుక్కున చేతులు జోడించాడు. "అమ్మ మహిమ! ఎత్తుకుపోయిన గాలే తిరిగి తెచ్చినాది."

చేపలమ్మే జగ్గమ్మ నెత్తిమీది తట్ట దించింది. "తెచ్చినాది సరే మావా. సంచిలో సుట్టి, నైలాన్ తాడుతో ముడేసి, నీ సెట్టు మొదట్లోనే పాతినాదేటి? సేతులున్న గాలిని నానెక్కడా సూళ్లేదు."

ఊరంతా గొల్లున నవ్వింది. ఆఫీసరు పెన్ను మూశాడు. కూర్మారావు గబుక్కున ఆ పెన్ను పట్టిన చెయ్యి పట్టుకున్నాడు.

"కిరీటం సంగతి తర్వాత సూద్దుం సారూ. ముందు ఈ సెట్టు రాసుకోండి."