ఖైసర్ బేగం మేక

ఎల్లప్ప ఫలక్‌నుమా స్టేషన్‌కు డ్యూటీకి పోగానే, వాళ్లమ్మ కాశమ్మ రోజూ పిట్టగోడ మీదుగా అవతలింట్లోకి తొంగిచూస్తుంది.

"ఆపా, మావోడు ఎట్లున్నడు ఇయ్యాల?"

"మేక గడ్డి ముట్టలే కాశమ్మా. నీ కొడుకును ఎవరో ఏమో అన్నరు," అంటుంది ఖైసర్ బేగం.

మొఘల్‌పురాలో ఆ గల్లీ అంతటికీ తెలిసిందే. ఎల్లప్పకు కోపమొస్తే బేగం మేక గోడను కుమ్ముతుంది, సంతోషమైతే గోడెక్కి గంతులేస్తుంది. తండ్రి పోయిననాడు ఎల్లప్ప పొడికళ్లతో నిప్పుకుండ పట్టుకుని నడిచాడు. మేక మూడురోజులు అరిచింది. "నీకెట్లున్నదిరా?" అనడిగితే, "ఏమో, మేకనడుగు," అనేవాడు. ముప్పై ఏళ్ల మగాడు! తన గుండె సంగతి పక్కింటి మేకకు అప్పజెప్పి హాయిగా రేడియో వినేవాడు.

రెండు సంబంధాలొచ్చాయి. రెండుసార్లూ మేక మంచం కింద దూరింది. వద్దని కబురు పోయింది. ఈ మూడోది తప్పితే ఇక నావల్ల కాదని కాశమ్మ మొక్కని దేవుడు లేడు.

ఇల్లు చూసుకోవడానికి పిల్ల తండ్రి వైకుంఠం వస్తే చాలు. పిల్ల కూడా వెంటొచ్చింది. ఆండాలు చార్మినార్ దగ్గర గాజులు తొడుగుతుంది. నోరు కూడా గాజుపెంకే.

"నేను నచ్చిన్నా?" ఎల్లప్పను మొహం మీదే అడిగింది.

ఎల్లప్ప గోడవైపు చూశాడు. అందరూ చూశారు. మేక తాపీగా నెమరేస్తోంది. గంతు లేదు, అరుపు లేదు.

కాశమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వైకుంఠం లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

"ఆగు బాపూ. నేనడిగింది మేకను గాదు," అంది ఆండాలు. "ఏమయ్యా, చెయ్యి ఇటియ్యి."

గాజులు తొడిగేవాళ్లకు చెయ్యే అన్నీ చెప్తుంది. భయపడ్డ చెయ్యి బిర్రబిగుసుకుంటుంది, గాజు ఎక్కనియ్యదు. ఆండాలు అతని వేళ్లు దగ్గరికి చేర్చి, బొటనవేలి కింద మెల్లగా నొక్కింది.

"చల్లగున్నది. చెమట పట్టింది. నేను పోతనని భయం."

"భయమంటే గిదా?" ఎల్లప్ప కళ్లు పెద్దవయ్యాయి. రెండో చెయ్యి రొమ్ముమీద పెట్టుకున్నాడు. "మరి గీడ దుంకుతున్నదేంది? మేక లోపలికొచ్చిందా?"

"అది నీదే. దానిపేరు కూడా నేనే చెప్పాల్నా?"

ఎల్లప్ప చాలాసేపు లోపలికి విన్నాడు. "నచ్చినవ్," అన్నాడు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని కాసేపు నోరు మూయలేదు.

"యా అల్లా! నా మేకకు ఛుట్టీ దొరికింది," అంది బేగం గోడ అవతలినుంచి.

పెళ్లినాడు మేక పందిరికి కట్టిన మామిడాకులన్నీ నమిలేసింది. అలవాటు కొద్దీ గల్లీ అంతా పెళ్లికొడుకు మొహం చూసింది.

"నన్నేం చూస్తరు?" అన్నాడు ఎల్లప్ప. "నేను ఖుషీగున్న. దానికి ఆకలైంది."