రెండో సిలువ

"ఎక్కడ? చూపించండి" అన్నాడు అటవీ ఆఫీసు నుంచి వచ్చిన కుర్రాడు.

విల్వె చేతికున్న ఉన్ని తొడుగు తీసి పైన్ చెట్టు బెరడు మీద అరచెయ్యి ఆనించింది. అక్కడ మాను కొద్దిగా ఉబ్బినట్టుంది, అంతే. "ఇక్కడ. లోపల ఉంది."

"లోపలున్నది నాకెలా కనబడుతుందండీ?"

పైన్ చెట్టుకు గాయమైతే ముందు జిగురు కారుతుంది. తర్వాత ఏళ్ళ తరబడి రెండు పక్కల నుంచీ బెరడు జరిగి జరిగి, చివరికి పెదవులు కలిసినట్టు కలిసిపోతుంది. ఆ మాట విల్వె అతనికి ఓపిగ్గా చెప్పింది. అతను కూడా ఓపిగ్గానే విన్నాడు.

"మీ పుస్తకం చూశానండీ. వోరు జిల్లాలో శవయాత్రప్పుడు సిలువ చెక్కిన చెట్లన్నీ అందులో ఉన్నాయి. చర్చి మలుపు దగ్గర వరస మొత్తం ఉంది. ఇదొక్కటే లేదు. పుస్తకంలో లేదు, చెట్టు మీదా లేదు. నేనేం చూసి ఆపమనాలి?"

అడవి అవతలి కొస నుంచి చెట్లు నరికే యంత్రం చప్పుడు వినబడుతోంది. మాను కూలినప్పుడు కాళ్ళ కింద నేల సన్నగా అదురుతోంది. మార్చి నెల సగమైపోయింది. పక్షులు గూళ్ళు కట్టేలోపు, గడ్డకట్టిన నేల మెత్తబడేలోపు నరుకుడు పూర్తి కావాలని కంపెనీవాళ్ళు తొందరపడుతున్నారు. మధ్యాహ్నానికల్లా యంత్రం ఇక్కడికి వచ్చేస్తుంది.

"ఒక్క సిలువ కళ్ళబడితే చాలు, ఇక్కణ్ణుంచే ఫోన్ చేసి ఆపించేస్తాను" అన్నాడు కుర్రాడు కారెక్కుతూ. మంచివాడే. అదే విల్వెకు మరీ కడుపు మండించింది.

ఆ చెట్టు పుస్తకంలో లేకపోవడానికి కారణం దగ్గర్లో ఒంటరిగా ఉండే ముసలామె ఎర్నా. ఆమె కొడుకు పేరు ఆరె. ఏళ్ళ కిందట సరస్సు మీద మంచు విరిగి మునిగి చనిపోయాడు. శవపేటికను ఇంటి నుంచి శ్మశానానికి తీసుకుపోతున్న రోజు మంచు తుపాను. చర్చి మలుపు దాకా బండి పోలేక ఈ పైన్ దగ్గరే ఆగారు, మేనమామ గొడ్డలి తీసుకుని సిలువ చెక్కాడు. పోయినవాడు మనసాగక మళ్ళీ ఇంటిదారి పడితే, తన సిలువ చూసుకుని వెనక్కి తిరుగుతాడు, దాన్ని దాటి రాడు అని అక్కడి నమ్మకం. పుస్తకం రాసేటప్పుడు ఎర్నా అడిగింది: "మావాణ్ణి అందులో పెట్టకమ్మాయ్. కెమెరాలు మెడలో వేసుకుని వస్తారు. వాణ్ణి పడుకోనియ్యి." విల్వె ఆ మాట నిలబెట్టుకుంది. ఇవాళ ఆ మాటే చెట్టు మీద కత్తై కూర్చుంది.

కారులో ఉలి ఉంది. విల్వె తెచ్చి బెరడు ఉబ్బిన చోట పెట్టింది. నాలుగు దెబ్బలు వేస్తే బెరడు ఊడుతుంది, లోపల నల్లబడ్డ సిలువ బయటపడుతుంది. కుర్రాడు ఇంకా చర్చి మలుపైనా దాటి ఉండడు. సుత్తి ఎత్తింది, దించేసింది. చెప్పకుండా ఎలా చేస్తుంది? కారెక్కి ఎర్నా ఇంటివైపు పోనిచ్చింది.

ఎర్నా వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. ఎనభై దాటినా చేతులు వణకవు. విషయమంతా విన్నది, కత్తి మాత్రం ఆపలేదు.

"అంటే మావాడి తలుపు పగలగొడతానంటావు."

"బెరడు తీస్తానంతే, పెద్దమ్మా."

"నీకు బెరడు. మొదట్లో ఎన్ని రాత్రులు వచ్చేవాడో నీకేం తెలుసు? చెట్టు దాకా వచ్చేవాడు. అడుగుల చప్పుడు ఆగిపోయేది. మళ్ళీ వెనక్కి వెళ్ళేది. నేను ఈ కిటికీ దగ్గరే కూర్చుని వినేదాన్ని. లేచి తలుపు తీద్దామా అనిపించేది. బెరడు మూసుకున్నాక రావడం మానేశాడు. ఇప్పుడు నువ్వు ఉలి పెట్టి లేపుతావా?"

"లేపకపోతే చెట్టే పోతుంది. అప్పుడు వాడికి ఆనవాలే ఉండదు."

"తెలుసు" అంది ఎర్నా. చెక్కు తీసిన దుంపను నీళ్ళలో వేసింది. "ఇంకేమీ చెయ్యలేవా? అంత చదువు చదివావు."

విల్వె బయటికి వచ్చి కట్టెల షెడ్డు పక్కన నిలబడి ఫోన్లు మొదలుపెట్టింది. తార్తులో ప్రొఫెసరు మీటింగులో ఉన్నాడు. తాలిన్‌లో కంపెనీ మేనేజరు మర్యాదగా మాట్లాడాడు. "మా అడవిలో ప్రతి చెట్టుకీ ఎవరో ఒకరి కథ ఉంటుందండీ. కాగితం ఉంటే పంపండి, చూస్తాం" అన్నాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. పత్రికలో తెలిసినామె రేపు వస్తానంది. రేపటికి అక్కడ మొద్దు మిగులుతుంది. యంత్రం చప్పుడు ఇప్పుడు ఇంటి దాకా వినబడుతోంది. చలిలో వేళ్ళు బిగుసుకుపోయి నంబర్లు తప్పు పడుతున్నాయి. ఇంకెవరికి చెయ్యాలో తోచక అదే నంబరు మళ్ళీ మళ్ళీ నొక్కింది.

తలుపు తెరుచుకుంది. ఎర్నా పెద్దకోటు వేసుకుని, తలకు శాలువా చుట్టుకుని వచ్చింది. ఒక చేతిలో చిన్న గొడ్డలి, ఇంకో చేతిలో సగమున్న వోడ్కా సీసా.

"పద" అంది.

చెట్టు దగ్గర కారు దిగి, ఎర్నా ఆగకుండా చెట్టు దాటి శ్మశానం వైపు పది అడుగులు వేసి నిలబడింది. గొడ్డలి విల్వెకు ఇచ్చింది.

"మావాడిది ముట్టుకోకు. పక్కన కొత్తది చెక్కు."

"ఎవరి పేరున?"

"నా పేరున. ఇంకెవరున్నారు?"

"మీరు బతికున్నారు, పెద్దమ్మా."

"ఎంతకాలం? నేను పోయాక ఎలాగూ చెక్కాల్సిందేగా. కాస్త ముందు చెక్కుతావు."

"బతికున్నవాళ్ళకి చెక్కరు. నేనెక్కడా వినలేదు. ఇన్నేళ్ళలో ఒక్కరు చెప్పలేదు."

"అయితే ఇవాళ విన్నావు."

"మగవాళ్ళు కదా చెక్కాలి, అదీ మీ బంధువులు…"

"ఏడీ, ఎవడన్నా మిగిలాడేమో తీసుకురా, వాడి చేతే చెక్కిద్దాం." ఎర్నా గొంతు మొదటిసారి పైకి లేచింది. "వస్తోందే ఆ దెయ్యం! కొట్టు!"

చెట్ల సందున యంత్రం పచ్చరంగు కనబడింది. ఇరవై ఏళ్ళుగా విల్వె ఎన్నో శవయాత్రల వెంట నడిచింది. ఎప్పుడూ పక్కన నిలబడింది, రాసుకుంది, ఫొటో తీసింది. గొడ్డలి ఒక్కసారి ముట్టలేదు. తను చెక్కిన సిలువకు విలువుండదని చదువు చెబుతోంది. యంత్రం చప్పుడు పళ్ళలోకి ఎక్కుతోంది. కొట్టింది. మొదటి దెబ్బ జారింది. రెండోది దిగింది. ముందు నిలువు గీత, తర్వాత అడ్డం. బెరడు కింద నుంచి తడి తెల్లని చెక్క బయటపడింది. చేతుల నిండా జిగురు అంటుకుంది. తను ఏడుస్తున్నట్టు ఆమెకు తెలియనే లేదు.

ఎర్నా వోడ్కా కొంచెం చెట్టు వేళ్ళ దగ్గర పోసి, కొంచెం తాగి, సీసా విల్వెకు అందించింది.

యంత్రం పది గజాల దూరంలో ఆగింది. అద్దం తలుపు తీసుకుని కల్మర్ దిగాడు. ఆ ఊరివాడే, వాళ్ళ నానమ్మ సిలువ చర్చి మలుపు వరసలో ఉంది.

"చెట్టు కింద మందు పార్టీయా, అత్తా? నన్ను పిలవనేలేదు" అంటూ వచ్చి, చెట్టు చూసి ఆగిపోయాడు. టోపీ తీశాడు. "ఎవరు పోయారు?"

"నేను" అంది ఎర్నా.

కల్మర్ నవ్వబోయాడు. ఎర్నా ఎక్కడ నిలబడి ఉందో చూశాడు, ఇల్లు ఎటుందో చూశాడు. నవ్వు ముఖం మీదే ఆరిపోయింది.

"అత్తా, ఏం పనిది?"

"నువ్వు నరుకుతావా, నరకవా?"

"నరికి నేనెక్కడ బతకాలి?" టోపీ మళ్ళీ పెట్టుకోకుండా నలుపుతూ నిలబడ్డాడు. "యంత్రం పైపు పగిలిందని చెప్తాను. ఈ ఎండకి నాలుగు రోజుల్లో నేల బురదైపోతుంది, వచ్చే చలికాలం దాకా బండి రాదు. ఆ తర్వాత వేరేవాణ్ణి పంపితే మాత్రం నా చేతుల్లో లేదు."

"వాడికీ కళ్ళుంటాయి" అంది ఎర్నా.

విల్వె ఫొటో తీసి ఆఫీసు కుర్రాడికి పంపింది. అతను వెంటనే ఫోన్ చేశాడు. "సిలువేనండీ, స్పష్టంగా ఉంది. అయ్యో, పాపం, ఎవరికండీ?" విల్వె ఎర్నా వైపు చూసింది. "ఇక్కడి ఒక పెద్దామెకి" అంది. "వాళ్ళవాళ్ళకి నా సానుభూతి చెప్పండి. ఇప్పుడే ఆపిస్తాను" అన్నాడు. విల్వె ఫోన్ జేబులో పెట్టుకుంది.

యంత్రం వెనక్కి మళ్ళింది. విల్వె కారు తలుపు తెరిచింది. "రండి పెద్దమ్మా. దుంపలు ఉడకబెడతాను, వేడిగా తిందురు గాని."

ఎర్నా కదల్లేదు. "ఇటు కాదు. వోరులో మా చెల్లెలి ఇంటికి పోనియ్యి."

"ఇవాళా?"

"ఇక ఎప్పటికీ అక్కడే."

విల్వెకు అప్పుడు అర్థమైంది. "అది… అది చనిపోయినవాళ్ళకి కదా! మీరు దాటొచ్చు. ఎవరూ ఏమీ అనరు. నేనెవరికీ చెప్పను."

"ఇన్నేళ్ళు మా ఇళ్ళల్లో కూర్చుని ఏం రాసుకున్నావమ్మాయ్?" ఎర్నా మెల్లగానే అడిగింది. "నేను దాన్ని దాటి ఇంటికి పోతే అది ఉత్త గాటు. నాది ఉత్త గాటైతే వాడిదీ ఉత్త గాటే. వాడు నాకోసం ఇన్నేళ్ళు ఆగాడు. నేను ఆగలేనా?"

విల్వె ఆమె చెయ్యి పట్టుకుని లాగింది, బతిమాలింది, ఒకసారి కసిరింది కూడా. ముసలామె పాతిన గుంజలా నిలబడింది. చివరికి ఆమె బట్టలూ పిల్లినీ తేవడానికి విల్వె ఒక్కతే ఇంటికి వెళ్ళింది.

పొయ్యిలో నిప్పు ఆర్పేసి ఉంది. గడియారం ఆపేసి ఉంది. గోడ మీది అద్దానికి తెల్లటి గుడ్డ కప్పి ఉంది, చావింట్లో చేసినట్టు. తను బయట ఫోన్లు చేస్తున్నంతసేపూ లోపల ఆమె చేసిన పని అదన్నమాట. చెక్కు తీసిన దుంపలు నీళ్ళలో అలాగే ఉన్నాయి. తలుపు దగ్గర చిన్న సంచీ కట్టి ఉంది. పిల్లిని పట్టుకోబోతే మంచం కిందికి దూరి బుస కొట్టింది. ఎంత పిలిచినా రాలేదు. విల్వె నేల మీద బోర్లా పడుకుని చెయ్యి చాపి పిలిచి పిలిచి, అక్కడే కాసేపు ముఖం దాచుకుని ఉండిపోయింది.

ఆమె తిరిగి వచ్చేసరికి ఎర్నా రోడ్డు మీద ఇంటికి వీపు పెట్టి నిలబడి ఉంది. కారెక్కి సంచీ ఒళ్ళో పెట్టుకుంది. కారు కదిలాక అడిగింది.

"పిల్లేదీ?"

"రానంది."

"ఎందుకొస్తుంది? అది బతికే ఉందిగా. కల్మర్‌కి చెప్పు, పాలు పోస్తాడు."

స్టీరింగుకు జిగురు అంటుకుని విల్వె చేతులు ఊడి రావడం లేదు. వెనక అద్దంలో పైన్ కనబడుతోంది. దాని ఒంటి మీద తెల్లగా, తడిగా సిలువ. ఆమె అద్దం పక్కకు తిప్పేసింది. ఎర్నా మాత్రం ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.