గుడ్డకో సోలెడు బియ్యం

శ్రీకాకుళం అనగానే అందరూ ఆ ఉత్తరాన ఉన్న పెద్ద ఊరనుకుంటారు. ఇది అది కాదు. కృష్ణ ఒడ్డున, ఘంటసాలకు పక్కన, ఆంధ్రమహావిష్ణువు గుడి ఉన్న ఊరు. ఒకప్పుడు రాజులు ఏలిన పట్నమని చెప్పుకుంటారు. రాజులెప్పుడో పోయారు, గుడీ ఏరూ మిగిలాయి. ఆ ఏటిగట్టు మీద వెంకటాద్రి కట్టించిన మేడ హోటలూ, ఆయన పోయాక దాన్ని నడుపుతున్న ఆయన భార్య ప్రభావతీ మిగిలారు. కింద వంటిల్లు, భోజనాల హాలు. పైన ఏటివైపు కిటికీలున్న నాలుగు గదులు. ఆవలి ఒడ్డు నుంచి బందరు కోర్టుకు వెళ్ళేవాళ్ళు, స్వామి దర్శనానికి వచ్చేవాళ్ళు, పెళ్ళి చూపులకు బయలుదేరినవాళ్ళు, అందరూ ఈ రేవులోనే దిగి, ఇక్కడే తిని, పొద్దు చాలకపోతే ఇక్కడే పడుకునేవాళ్ళు.

ఆ హోటలుకో పద్ధతి ఉంది. వెంకటాద్రి తండ్రి నాడు అక్కడ తాటాకు పాక ఉన్నప్పటి నుంచీ వస్తున్నది. ఆవలి ఒడ్డున జనం ఎక్కగానే పడవవాడు అడిగేవాడు, "హోటల్లో భోంచేసేదెవరండీ?" అని. ఎన్ని చేతులు లేస్తే అన్ని ఎర్రగుడ్డ పేలికలు తెరచాప కొయ్యకు కట్టేవాడు. పెడన అద్దకాల వాళ్ళ దగ్గర మిగిలిపోయిన ముక్కలవి, ఎండకూ వానకూ వెలవని ఎరుపు. పడవ నడి ఏట్లోకి వచ్చేసరికి వంటింటి కిటికీలోంచి కనపడేవి. గుడ్డకో సోలెడు చొప్పున బియ్యం ఎసట్లో పడేవి. పడవ ఇసకమేటలు చుట్టుకుని రేవుకు చేరే వేళకు అన్నం వార్చి ఉండేది. జనం కాళ్ళు కడుక్కుని కూర్చోవడం, విస్తట్లో పొగలు కక్కే అన్నం పడటం ఒక్కసారే జరిగేవి. చల్లారిన అన్నం వడ్డించిన హోటలు కాదది.

పడవవాడి విస్తరి మాత్రం లెక్కలోకి రాదు. వాడికి గుడ్డ కట్టరు. గుమ్మం పక్క విస్తరి వాడిది, వాడి సోలెడు ఎప్పుడూ పైన పోసేదే.

ప్రభావతి కాపరానికొచ్చిన కొత్తలో అత్తగారు ఆ కిటికీ దగ్గర నిలబెట్టి మరీ నేర్పింది. "కళ్ళతో లెక్కపెడుతూ కూర్చోకే అమ్మాయ్. గుడ్డ కనపడగానే చెయ్యి పోవాలి. బుద్ధి తర్వాత వస్తుందిలే" అనేది. నలభై ఏళ్ళు ఆ చెయ్యి అలాగే పోయింది.

తర్వాత దిగువన పులిగడ్డ దగ్గర వంతెన తెరిచారు. బస్సెక్కి కూర్చుంటే ఇట్టే అవతల ఉంటున్నాం, ఇంక ఈ ఏట్లో ఎవడు ఊగుతాడన్నారు జనం. ప్రభావతి ఎవర్నీ తప్పు పట్టలేదు. నొప్పులొచ్చిన ఆడకూతుళ్ళను మంచం మీద మోసుకొచ్చి, వరద తగ్గేదాకా ఆవలి ఒడ్డున కూర్చున్న మనుషుల్ని ఆవిడ చూసింది. వంతెన మంచిదే. మంచిదైనా హాలు ఖాళీ అయింది. గదులు ఖాళీ అయ్యాయి. అయినా రోజూ నాలుగు గదులూ ఊడ్చేది, నాలుగు కూజాల్లో నీళ్ళు మార్చేది. పక్కలు ముక్క వాసన పట్టకుండా రోజుకో గదిలో పడుకునేది. ఏ గదిలో పడుకున్నా పక్క గదిలో ఎవరూ దగ్గేవాళ్ళు లేరు.

పిల్లలు లేని మనిషి. ఉన్నదల్లా మరిది కొడుకు శశిధర్. గుడివాడలో ఎరువుల కొట్టు. మంచివాడే, పెద్దమ్మా పెద్దమ్మా అని తిరిగేవాడు. దసరాలకు వచ్చి సంగతి చెప్పాడు. రొయ్యల మేత వ్యాపారి ఒకాయన హోటలును గోదాముకు అడుగుతున్నాడు.

"నువ్వు మా ఇంటికొచ్చెయ్యి పెద్దమ్మా. వెనక గది ఖాళీగానే ఉంది. ఈ ఏటిగట్టు మీద ఒక్కదానివీ ఎవరి కోసం?"

"తినేవాళ్ళ కోసం."

"తినేవాళ్ళేరీ?"

గుమ్మం పక్క విస్తరి ముందు కూర్చున్న పడవ జీవానందం తలొంచుకుని పప్పన్నం కలుపుకుంటున్నాడు. ఆవిడ ఆ విస్తరికేసి చూసి అంది: "తినే బేరం ఒక్కటీ లేక నా పొయ్యి వెలగని రోజు వస్తే, తాళంచెవి నేనే నీ చేతిలో పెడతాను. అంతదాకా అడక్కు."

శశిధర్ సరేనన్నాడు. పదిహేను రోజులకోసారి వచ్చి పొయ్యికేసి చూసి పోతుండేవాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం నడి ఏట్లో పడవ. కొయ్యకు ఒకే ఒక గుడ్డ. ప్రభావతి సోలెడు బియ్యం పోసి, పడవవాడికి ఇంకో సోలెడు పోసి, ఎవరొస్తారా అని చూసింది. దిగింది జీవానందం ఒక్కడే.

"మనిషేడీ? గుడ్డ కట్టావుగా."

"నాకే కట్టుకున్నానండి."

"పడవవాడికి గుడ్డేంటయ్యా?"

"ఎక్కేవాళ్ళు లేంది పడవవాణ్ణెట్టా అవుతానండి? బేరాన్నండి నేను. వడ్డించండి" అని, గుమ్మం పక్కన కాదు, హాలు మధ్యలో కూర్చున్నాడు.

అప్పట్నుంచి నాలుగు నెలలు అదే వరస. ఎవరూ ఎక్కని పడవను నడి ఏటిదాకా తీసుకెళ్ళి, తనకు తానే గుడ్డ కట్టుకుని, తిరిగొచ్చి తినేవాడు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. పప్పులో ఉప్పు గురించి, ఏట్లో నీళ్ళ గురించి మాట్లాడుకునేవాళ్ళు.

మాఘమాసంలో ఒక పొద్దున్న జీవానందం నడిచొచ్చాడు. చేతిలో ఎర్రగుడ్డల మూట. గట్టు మీద ఆటో దిగి ఆయన కూతురు కృపావతి వెనకే వచ్చింది.

"ఇవి మీవండి" అని మూట గుమ్మంలో పెట్టాడు.

"ఎక్కడికి ప్రయాణం?"

"అవనిగడ్డండి, మా అమ్మాయి దగ్గరికి. చర్చి గేటు దగ్గర పని ఇప్పించింది. గేటు తియ్యడం, గేటు వెయ్యడం. అది పడవలాగా ఎటూ పోదంట, భయం లేదంట."

"మరి పడవ?"

"కొండలరావని, కలపకు కొన్నాడండి. నిన్న ఇసకమేటకి తగిలి ఆగిపోయింది గదా, అక్కడే విప్పుకుంటానన్నాడు."

కృపావతి మెల్లిగా అంది: "నాన్నకి షుగరు వచ్చి ఏడాదయిందండి. మధ్యాన్నం అన్నం ముట్టొద్దన్నారు డాక్టరుగారు. నేను రోజూ రొట్టెలే చేసి పంపేదాన్ని. అయినా ఎందుకు తగ్గట్లేదో మొన్నటిదాకా మాకు అంతుపట్టలేదు."

ప్రభావతి ఆయనకేసి చూసింది. జీవానందం ఏటికేసి చూస్తూ, "దోసకాయ పప్పు బాగుంటదండి ఇక్కడ" అన్నాడు.

"రేపట్నుంచి రొట్టె తిను" అంది ఆవిడ. ఆటో గట్టు దిగి పోయేదాకా మూట దాటి బయటికి రాలేదు.

ఆ రోజు శశిధర్ వచ్చే రోజు కూడా. తాళంచెవి తీసి బొడ్లో దోపుకుంది. కూరలు తరగలేదు. పొయ్యి అలికి, ముగ్గు కూడా వేసింది. అంతా అయ్యాక పొద్దు ఇంకా బోలెడుంది. ఏం చెయ్యాలో తోచక, అలవాటుకొద్దీ కిటికీ దగ్గర నిలబడింది.

రెల్లుదుబ్బుల మీదుగా కొయ్య పైభాగం కనిపించింది. దాని మీద ఎర్రగా గాలికి ఆడుతూ గుడ్డలు. ఒకటి, రెండు, మూడు, ఏడు.

చెయ్యి పోయింది. పొయ్యి రాజుకుంది, ఎసరు పడింది, ఏడు సోలలూ పడవవాడికొకటీ, వెరసి ఎనిమిది సోలల బియ్యం, అంటే రెండు మానికలు. దోసకాయ పప్పు, వంకాయ కూర, చారు. చేతులు నలభై ఏళ్ళ వయసుకు వెళ్ళిపోయాయి. ఏడుగురు. ఎంత కాలానికి.

శశిధర్ వచ్చి వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు. "ఏంటి పెద్దమ్మా, పొగొస్తోంది?"

"ఏడుగురొస్తున్నారు. ఊరికే నిలబడకపోతే విస్తళ్ళు వెయ్యరాదూ?"

వేశాడు. ఏడు వరసగా, ఒకటి గుమ్మం పక్కన. గ్లాసుల్లో నీళ్ళు పోశాడు. ఆవిడ అన్నం వార్చింది. ఎవరూ రాలేదు. ఇంకాసేపు చూశారు. గుడ్డలు అక్కడే ఆడుతున్నాయి.

"ఇసకలో తగిలి ఉంటుంది. మేడెక్కి చూసిరా, ఎంత దూరాన ఉందో."

వాడు వెళ్ళాడు. పైన అడుగుల చప్పుడు ఆగిపోయింది. చాలాసేపటికి దిగొచ్చి, నేలకేసి చూస్తూ, "వస్తోంది" అన్నాడు.

చిన్నప్పుడు బెల్లం తిని కూడా వీడు ఇలాగే నేలకేసి చూసేవాడు. ప్రభావతి గరిటె కింద పెట్టింది. అప్పుడు కనపడింది, గుమ్మంలో పొద్దున్న పెట్టింది పెట్టినట్టే ఉన్న ఎర్రగుడ్డల మూట. గుడ్డలన్నీ ఇక్కడుంటే కొయ్య మీదవేంటి?

"ఏంట్రా అవి?"

"తువ్వాళ్ళు పెద్దమ్మా. పడవ విప్పేవాళ్ళవి. తడవకుండా పైన కట్టుకున్నారు."

ఆవిడ పీట మీద కూర్చుంది. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. అత్తగారు చెప్పిన బుద్ధి ఇప్పుడొచ్చింది, అంతే. ఎదురుగా రెండు మానికల అన్నం పొగలు కక్కుతోంది.

"పోనీ నేను తింటాలే" అన్నాడు శశిధర్, ఒక విస్తరి ముందు కూర్చోబోతూ.

"ఇంటివాడు హాల్లో తినడు. లే."

వాడు లేచాడు. ఆవిడ అన్నం గిన్నె మీద మూత పెడుతూ అడిగింది.

"ఎంతమందిరా వాళ్ళు?"

"ఏడుగురు."

"క్యారేజీలు తెచ్చుకున్నారా?"

"ఏమో పెద్దమ్మా. కనపడలేదు."

"అయితే వెళ్ళి అడుగు. ఎట్టాపడితే అట్టా కాదు. హోటల్లో భోంచేసేదెవరండీ అని అడుగు."

శశిధర్ ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి రేవు దిగాడు. మాఘం నీళ్ళు, తొడ లోతు లేవు. కిటికీలోంచి చూస్తూ ఉంటే కొయ్య మీది ఎరుపులు ఒక్కొక్కటే తగ్గాయి. కొయ్య నున్నగా మిగిలింది. కాసేపటికి ఏడుగురు మనుషులు, ఏడు భుజాల మీద ఏడు ఎర్ర తువ్వాళ్ళు, రేవు మెట్ల మీద కాళ్ళు కడుక్కుంటున్నారు.

తిన్నారు. ఆకలి మీదున్న మనుషులు, మాటా పలుకూ లేకుండా మొదటి వాయి లాగించారు. అప్పటికి గానీ ఒక కుర్రాడు తలెత్తలేదు.

"ఇక్కడ హోటలుందని తెలిస్తే పొద్దున ఆ చద్దన్నం తినేవాళ్ళం కాదు గదా బాబాయ్."

"తెలిస్తే నువ్వు అసలు పడవ దగ్గరికే వచ్చేవాడివి కాదులే. పెద్దావిడ నిలబడి ఉంది, తిను" అన్నాడు కొండలరావు.

ప్రభావతి ఆయనకు చారు పోస్తూ అడిగింది. "ఎంతవరకొచ్చింది?"

"పక్కలు ఊడదీశామండి. అడుగు మాత్రం మొండికేసింది. పాతకాలపు మేకులు, పట్టు వదలట్లేదు."

"కొయ్యో?"

"దించేస్తామండి సాయంత్రానికి."

"ఇంకొంచెం వెయ్యనా?" అని, ఆయన చెయ్యి అడ్డం పెడుతున్నా ఇంకో గరిటె అన్నం వేసింది.

ఏడుగురూ చేతులు కడుక్కుని, వంట బాగుందని చెప్పి, తువ్వాళ్ళతో మూతులు తుడుచుకుంటూ ఏట్లోకి దిగారు. మళ్ళీ సుత్తి చప్పుడు మొదలయింది. హాల్లో ఒక్క విస్తరి మిగిలింది, గుమ్మం పక్కది.

"కూర్చో" అంది ప్రభావతి.

"అది జీవానందంది గదా. ఇంటివాళ్ళు హాల్లో..."

"బేరాల్ని ఏరు దాటించి తెచ్చినవాడిది అది. ఇవాళ తెచ్చింది నువ్వేగా. కూర్చో."

వాడు కూర్చున్నాడు. ఆవిడ పప్పు వేసి, నెయ్యి వేసి, ఎదురుగా పీట వాల్చుకుని, బొడ్లోంచి తాళంచెవి తీసి వాడి మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టింది.

శశిధర్ ముద్ద చేతిలోనే పట్టుకున్నాడు. "ఇవాళ పొయ్యి వెలిగింది గదా పెద్దమ్మా. నీ మాట ప్రకారం నేను అడక్కూడదు."

"నువ్వు అడగలేదుగా. నేనే పెట్టాను."

"పోనీ రేపు..."

"రేపు ఈ కిటికీలో కొయ్య కూడా ఉండదురా. వెలగని పొయ్యి ముందు కూర్చుని నీకోసం చూడటం నావల్ల కాదు. ఇవాళైతే ఎంగిలాకులున్నాయి, తియ్యడానికి పనుంది. తిను, చల్లారిపోతుంది."

వాడు తిన్నాడు. కళ్ళు తుడుచుకుంటుంటే ఆవిడ ఇంకాస్త పప్పు వేసింది.

ఎంగిలాకులు తీసింది. గిన్నెలు తోమి బోర్లించింది. నిప్పు మీద నీళ్ళు చల్లింది. పైకెళ్ళి నాలుగు కూజాలూ ఒంపింది. సంచిలో నాలుగు చీరలు పెట్టుకుని, వాటి మీద ఇత్తడి సోల పెట్టుకుంది. ఎర్రగుడ్డల మూట తీసుకుందామని వంగి, ఎందుకో మళ్ళీ కిటికీ గూట్లో పెట్టేసింది.

శశిధర్ వీధి తలుపుకు తాళం వేశాడు. ఆవిడ చుట్టూ తిరిగి రేవు తలుపు దగ్గరికి వెళ్ళింది. దాన్ని దగ్గరికి లాగింది. అది మళ్ళీ తెరుచుకుంది. ఆ తలుపుకు లోపలా బయటా గొళ్ళెం లేదు. ఏ వేళప్పుడు ఏ పడవ వచ్చినా జనం తోసుకుని రావాలని, మేడ కట్టించినప్పుడే వెంకటాద్రి పెట్టించలేదు. ఇన్నేళ్ళలో ఎవరికీ అవసరం పడలేదు.

"ఆ మేత వ్యాపారికి చెప్పు, ఈ తలుపుకి గొళ్ళెం పెట్టించుకోమని."

"చెప్తాలే పెద్దమ్మా. బస్సు టైమవుతోంది."

పెరట్లో రుబ్బురోలు దగ్గర పొత్రం ఉంది. దాన్ని రెండు చేతులా దొర్లించుకుంటూ వచ్చి తలుపుకు అడ్డం పెట్టింది. మరీ అంత బరువైనదేం కాదు. ఎవరైనా వచ్చి గట్టిగా తోస్తే పక్కకు జరుగుతుంది.